దిబ్బ వయసు ఎవరిని అడగాలి: కాగితాన్నా, ముసలమ్మనా?

మా కోనసీమలో పాత దిబ్బ లేని ఊరు తక్కువ. పొలాల మధ్య రెండు మూడడుగుల మెరక, దాని మీద నాలుగు తాడిచెట్లు, దున్నితే కుండపెంకులు. పాటిదిబ్బ అంటారు. ఆ మన్ను పాటిమన్ను. ఒకప్పుడు ఊరు ఉండి పోయిన చోటు కాబట్టి బూడిద, పెంట, ఎముకలు కలిసి ఆ మన్నుకి బలం ఎక్కువ. ఎరువు బస్తాలు రాకముందు దాన్ని బళ్ళకెత్తి చేలకి తోలేవారు. అంటే మన పాత ఊళ్ళలో సగం మన తాతలే వరికి పోసేశారు. మిగిలిన సగం ఇప్పుడు చేపల చెరువుల కోసం, ఇళ్ళస్థలాల మెరక కోసం ట్రాక్టర్లెక్కి పోతోంది.

ఈ మధ్య ఊరి చరిత్ర రాద్దామనుకునే కుర్రాళ్ళు ఒకటే అడుగుతున్నారు. రికార్డులు వెతకాలా, పెద్దవాళ్ళని అడగాలా? రెండూ చెయ్యమంటే తప్పు కాదు గానీ అది తప్పించుకునే జవాబు. వాళ్ళకి ఉన్నవి నాలుగు ఆదివారాలు. రికార్డు ఒక టౌన్లో ఉంటుంది, ముసలాయన ఇంకో లంకలో ఉంటాడు. ఏది ముందు, దేన్ని ఎంత నమ్మాలి అన్నదే అసలు ప్రశ్న.

నేను పాటించే లెక్క చెప్తాను. ఎప్పుడు, ఎవరిది అన్న ప్రశ్నలకి కాగితం. ఎక్కడ, దేనికి అన్న ప్రశ్నలకి నోరు. రెండూ పేచీ పడితే నేల. కాగితం అంటే ఇక్కడ రాయి, రాగిరేకు, రిజిస్టరు అన్నీ.

ఈ లెక్క ఊరికే రాలేదు, ఒకసారి చెంపదెబ్బ తిన్నాక వచ్చింది. గోదారి వశిష్ఠ పాయ దగ్గర ఒక ఊరి పాత ఇంగ్లీషు మ్యాపులో ఒక దిబ్బ పేరు చూశాను. కె-ఓ-టి-ఎల్-ఎ, తర్వాత దిబ్బ. నేను 'కోట్ల దిబ్బ' అని చదువుకున్నాను. కోటలు! అక్కడెవరో రాజుగారి మట్టికోట ఉండి ఉంటుందని రెండు రోజులు కందకం కోసం పొలాల్లో తిరిగాను. చెరువుగట్టు కనిపించినా కందకమే అనిపించింది. మూడోరోజు ఒక అరుగు మీద కూచున్న ముసలమ్మ, తొంభై దగ్గర పడి ఉంటుంది, నా మాట విని నవ్వింది. "కోట్లు కాదు నాయనా, కొట్లు. కొట్లదిబ్బ. అక్కడ కొట్లుండేవంట, సరుకులేసుకునే కొట్లు" అంది. ఇంగ్లీషు అక్షరాల్లో 'కొ'కీ 'కో'కీ తేడా లేదు. ఆ తేడా నూటయాభై ఏళ్ళు ఊరి నోట్లోనే భద్రంగా ఉంది. మ్యాపు గీసిన సర్వేయరు దాన్ని పోగొట్టాడు. నేను దాని మీద కోట కట్టాను.

అందుకే ఇంగ్లీషులో ఉన్న ఊరిపేరుని గానీ దిబ్బపేరుని గానీ మనిషి నోట వినకుండా తెలుగులో రాయొద్దంటాను. 'పాటి', 'పట్టి', 'పతి' మూడూ అక్కడ దాదాపు ఒక్కలాగే ఉంటాయి.

ఎప్పుడు అంటే

అదే ముసలమ్మని ఆ కొట్లు ఎప్పటివి అని అడిగితే "మా అత్తగారి అత్తగారు కూడా చూళ్ళేదంట" అంది. అంతే. ఆవిడ తప్పేం లేదు. మనిషి జ్ఞాపకం పనిచేసే తీరే అది. ఆఫ్రికాలో నోటి చరిత్రలు సేకరించిన బెల్జియం చరిత్రకారుడు జాన్ వాన్సినా ఒక సంగతి గమనించాడు. దగ్గరి కాలం, అంటే రెండు మూడు తరాలు, జనానికి దట్టంగా గుర్తుంటుంది. ఊరు పుట్టిన కథ కూడా గుర్తుంటుంది. మధ్యలోది పలచబడిపోతుంది. తరం మారినకొద్దీ ఆ ఖాళీ కూడా ముందుకి జరుగుతుంది. మన దగ్గర చూడండి. తాత పేరు చెప్తారు, ముత్తాత పేరు కొందరే చెప్తారు, అక్కణ్ణుంచి ఒక్క గెంతు కాటన్ దొర దగ్గరికి, ఇంకో గెంతు పాండవుల దగ్గరికి. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కానీ డెల్టాలో పాత కట్టడం ఏది చూపించినా "కాటన్ దొర కట్టించిందేనండి" అనే మాట వినపడుతుంది. పెద్ద పేర్లు అయస్కాంతాల్లాంటివి, చుట్టుపక్కల ఇనుపరజనంతా లాక్కుంటాయి.

దగ్గరి కాలానికైతే నోటిని కూడా తేదీ అడగొచ్చు, కాకపోతే అంకె అడగకూడదు. "ఎన్నేళ్ళయింది" అంటే వచ్చేది నలభయ్యో, వందో. "96 తుఫానుకి ముందా, తర్వాతా?" అనండి, కచ్చితంగా చెప్తారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఎవరూ మర్చిపోరు. 1986 ఆగస్టు వరద, 1953 వరద, 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు, మా ఇంటికి కరెంటు వచ్చినప్పుడు, పెద్దమ్మాయి పుట్టినప్పుడు. ఇలాంటి మేకులు ఒక కాగితం మీద ముందే రాసుకుని వెళ్ళండి.

అంతకన్నా వెనక్కి వెళ్తే రాతే దిక్కు. అంబాజీపేట దగ్గరి నందంపూడి సంగతే తీసుకోండి. రాజరాజనరేంద్రుడు తన పాలనలో 32వ ఏట, అంటే 1053లో, నారాయణభట్టుకి ఆ ఊరు దానమిచ్చిన రాగిరేకులున్నాయి. ఆ శాసనం కూర్చింది నన్నయ. దాత, గ్రహీత, కవి, సంవత్సరం, ఊరి ఎల్లలు అన్నీ ఒకేచోట. ఏ ముసలాయనా వెయ్యేళ్ళనాటి ఏడాది చెప్పలేడు. కానీ అందులో ఎల్లలుగా ఉన్న పేర్లు ఈ రోజు ఏ చేలో పడతాయో తేల్చాలంటే ఆ చేలో దమ్ము చేసేవాణ్ణి అడగాల్సిందే. సర్వే నంబరుకి పేరుండదు, పొలానికి ఉంటుంది.

కార్బన్ పరీక్ష చేయిస్తే సరిపోదా అని చదువుకున్న కుర్రాళ్ళు అడుగుతారు. పాత కాలానికి మంచిదే. సుమారు 1650 తర్వాతి వస్తువులకి మాత్రం దాంతో సరైన తేదీ రాదు, రెండు మూడు వేర్వేరు కాలాలు చూపిస్తుంది. మన డెల్టాలో విదేశీ వ్యాపార కంపెనీల రేవులు, పడవ కట్టుబడులు, అద్దకం ఊళ్ళు ఎక్కువగా ఆ మూడొందల ఏళ్ళలోవే. వాటికి కాగితం, నోరు తప్ప వేరే ఆధారం పెద్దగా లేదు, పెంకుల రకం ఒక్కటి పక్కన పెడితే.

ఎక్కడ అంటే

ఇక్కడ కాగితం నిలవదు, ఎందుకంటే ఇక్కడ నేలే నిలవదు. గోదారి ఒకపక్క కోస్తుంది, ఇంకోపక్క మేట వేస్తుంది. మొన్నటి లంక ఇవాళ ఏరు. బట్టల వ్యాపారంలో ప్రపంచమంతా తిరిగిన 'మడపొల్లం' అనే పేరు నర్సాపురం పక్కన ఉన్న మాధవాయపాలెందే. ఇంగ్లీషు కంపెనీ అక్కడ, బెండమూర్లంకలో, ఇంజరంలో స్థావరాలు పెట్టింది. డచ్చివాళ్ళు పాలకొల్లులో, ఫ్రెంచివాళ్ళు యానాంలో. ఈ పేర్లు రికార్డుల్లో వందలసార్లు వస్తాయి. కానీ గిడ్డంగి ఏ రేవు ఒడ్డున, ఆ రేవు ఇప్పుడు ఏ కొబ్బరితోటలో అన్నది కంపెనీ గుమాస్తా రాయడు. అతనికి కావాల్సింది బేళ్ళ లెక్క.

కొట్లదిబ్బ ముసలమ్మ నాకు రేవు చూపించింది. చూపించడం అంటే లేచి రాలేదు, అరుగు మీదే కూచుని చెయ్యి ఊపింది. "గోదారి అప్పుడు ఇటు పారేది. ఆ కనపడే పంపుషెడ్డు ఉంది చూడు, అదంతా నీళ్ళే. మా చిన్నప్పుడు కూడా అక్కడ మట్టి బంక బంకగా ఉండేది, గేదె దిగబడితే నలుగురు లాగాలి." తర్వాత మోచేతి మీద రెండో చెయ్యి పెట్టి చూపించింది. "ఇంత లోతు తవ్వితే ఆల్చిప్పలు వచ్చేవి. సున్నానికి ఏరుకునేవాళ్ళం." పంపుషెడ్డు ఇప్పటి ఏటిగట్టుకి దూరంగా, వరిచేల మధ్య ఉంది. రెవెన్యూ రికార్డులో అది మామూలు పల్లం. రెండూ నిజమే, కాలాలు వేరు. అబద్ధం ఎవరిదని మొదలుపెట్టి ఉంటే నేను ఆవిడ మాటే కొట్టేసేవాణ్ణి.

సర్వే నంబర్లతో ఇంకో చిక్కుంది. తర్వాత రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత నంబరుతో ఇప్పటి పొలానికి వెళ్తే వేరేవాళ్ళ చేలో తేలతారు. పాతదీ కొత్తదీ రెండు నంబర్లూ పక్కపక్కన ఉన్న రిజిస్టరు దొరికేదాకా అడుగు బయట పెట్టకండి.

కాగితాలన్నీ ఒకటి కావు

శాసనం నిక్కచ్చిగా ఉంటుంది గానీ చాలా కొంచెం చెప్తుంది. ద్రాక్షారామం గుడి గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలున్నాయి. చాలావాటిల్లో ఫలానా శక సంవత్సరంలో ఫలానావాడు అఖండదీపానికి ఇన్ని పశువులిచ్చాడు అనే ఉంటుంది. శక సంవత్సరానికి 78 కలిపితే మనకి తెలిసిన ఏడాది వస్తుంది. ఇచ్చినవాడి పేరు తెలుస్తుంది, వాడి ఊళ్ళో ఏం కుండలో వండుకున్నారో తెలీదు. ఒక పెద్ద సుగుణం మాత్రం ఉంది. పాఠాలు అచ్చయ్యాయి, దక్షిణభారత శాసనాల సంపుటాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చేతిలో ఫోనుంటే చాలు, బస్సెక్కక్కర్లేదు.

కైఫీయతులు, అంటే ఊళ్ళ వృత్తాంతాలు, నాకు ఇష్టమైనవి, భయపెట్టేవి కూడా. ఇంగ్లీషు కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి 18వ శతాబ్దం చివర్లో, 19వ శతాబ్దం మొదట్లో రాయించినవి. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. చాలామంది వీటిని రికార్డు కింద లెక్కేస్తారు. కొంత కరణం రాసుకునే లెక్కల పుస్తకం, అంటే కవిలెలోంచి ఎత్తిందే. చాలా భాగం మాత్రం రెండొందల ఏళ్ళ కిందటి ఊరిపెద్దలు చెప్పింది. అంటే అది కాగితం చొక్కా తొడుక్కున్న నోరు. కైఫీయతులో ఉన్నదే ఇవాళ్టి ముసలాయన కూడా చెప్పాడనుకోండి, రెండు సాక్ష్యాలు దొరికాయని గంతులేయకండి. ఒకే మాట రెండుసార్లు దొరికి ఉండొచ్చు.

రెవెన్యూ కాగితాలు పొడిగా ఉంటాయి, అందుకే పనికొస్తాయి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ రికార్డుల్లో ఎవరి ఇనాం భూమి ఏ గుడికో, ఏ సేవకో ఉంటుంది. గుడి మాయమైనా ఇనాం మిగులుతుంది. రెవెన్యూవాళ్ళ లెక్క సంవత్సరం, ఫసలీ కనపడితే 590 కలపండి, ఫసలీ 1300 అంటే 1890 జులై నుంచి ఏడాది. వెతికేచోటు విషయంలో ఒక మాట. 1925కి ముందు తూర్పు, పశ్చిమ గోదావరి అని లేవు. నర్సాపురం 1904 దాకా గోదావరి జిల్లాలో, తర్వాత 1925 దాకా కృష్ణా జిల్లాలో ఉండేది. నర్సాపురం కాగితం కోసం పశ్చిమ గోదావరి కట్టల్లోనే వెతుకుతూ కూచుంటే దొరక్కపోవచ్చు. ఆఫీసులో దొరకనిది ఒక్కోసారి పాత కరణంగారి అటక మీద ఉంటుంది. ఆయన మనవణ్ణి ముందు కాఫీకి పిలవండి, కాగితం సంగతి రెండో కాఫీకి.

కంపెనీల రికార్డులు చాలావరకు లండన్, హేగ్, ఫ్రాన్సుల్లో ఉన్నాయి. వాటి మీద పనిచేసినవాళ్ళ రాతలు చదువుకోవడమే మనకి దారి. అచ్చులో ఉంది కదా అని అంకెలు మింగేయకండి. 1839 నవంబరులో కోరంగి రేవుని ముంచిన తుఫానులో మూడు లక్షలమంది పోయారని ఎక్కడ చూసినా ఉంటుంది. నేను నమ్మను. ఆ రేవూ చుట్టుపక్కల పల్లెలూ కలిపినా చనిపోవడానికి ముందు అంతమంది బతికుండాలి కదా! ఒకరు రాస్తే ఇంకొకరు ఎత్తుకున్నారు, వందసార్లు ఎత్తుకున్నాక అది అంకె అయి కూర్చుంది. పుకారు నోటికే పరిమితమని ఎవరన్నారు?

నోరు కూడా అంతే

మా గోదారి మర్యాద పరిశోధనకి పెద్ద గండం. మొదట్లో నేనొక పెద్దాయన్ని "ఇక్కడ బౌద్ధుల స్తూపం ఉండేదా అండీ?" అని అడిగాను. "ఆయ్, ఉండేదండి" అన్నాడు. ఎగిరి గంతేశాను. వారం తర్వాత ఇంకో ప్రశ్న, "శివాలయం ఉండేదా?" "ఆయ్, ఉండేదండి." ఎండలో పడి వచ్చిన మనిషిని లేదు అని పంపించడం ఆయన వల్ల కాదు. ఆ రెండు పేజీలు చింపేశాను. అప్పట్నుంచి "ఉండేదా" అనే మాటే వాడను. "ఈ చెట్టు దగ్గర ఏముండేది?", "ఈ దిబ్బ మీదికి ఎవరు వెళ్ళేవారు, ఎందుకు?", "రాత్రిళ్ళు వెళ్ళొద్దనేవారా?" ఇలా అడుగుతాను. అరగంట చెప్పనివ్వాలి. కొడుకు పెళ్ళి, భీమవరం కోర్టు కేసు, అన్నీ అయ్యాక పెంకు మాట వస్తుంది.

ఎవరిని అడగాలన్నది ఇంకా ముఖ్యం. ఊళ్ళోకి వెళ్ళగానే మనల్ని పెద్ద అరుగు దగ్గరికే తీసుకెళ్తారు. ఆయనకి ఊరి చరిత్ర తెలుసు, అంటే తన ఇంటి చరిత్ర. దిబ్బ తవ్వింది ఆయన కాదు. పాటిమన్ను తట్టకెత్తిన ఆడవాళ్ళు, బండి తోలిన పాలేర్లు, కాలవలో పూడిక తీసినవాళ్ళు, పడవ సరంగులు, లాకుల దగ్గర పనిచేసిన లస్కర్లు, వీళ్ళ చేతులకి తెలుసు ఎంత లోతులో ఏముందో. అంతర్వేది నరసింహస్వామి గుడిని 1823లో తిరిగి కట్టించింది కొపనాతి కృష్ణమ్మ అనే ఓడల యజమాని. పరాయి కంపెనీల సంగతి ఎక్కడైనా చదవొచ్చు, మనవాళ్ళ ఓడల సంగతి కావాలంటే ఆ తీరం ఇళ్ళకే వెళ్ళాలి.

భూమి తగాదా ఉన్న దిబ్బైతే ఏ నోటినీ నమ్మొద్దు. మిమ్మల్ని రెవెన్యూవాళ్ళనుకుంటారు, సరిహద్దు ఎవరికి లాభమైతే అటు జరుగుతుంది. చక్కటి వాక్యాల్లో, పురాణం ధోరణిలో ఎవరైనా చెప్తే "ఇది మీకెవరు చెప్పారండీ" అని అడగండి. గుళ్ళో అమ్మే స్థలపురాణం పుస్తకమో, యూట్యూబ్ వీడియోనో బయటపడుతుంది.

ఆదుర్రులో మూడూ ఒకేచోట

గోదారి పాయ వైనతేయ ఒడ్డున, మామిడికుదురు దగ్గర ఆదుర్రులో బౌద్ధస్తూపం ఉంది. చక్రం ఆకారంలో ఇటుక కట్టుబడి. ఊరివాళ్ళు ఆ చోటుని దుబరాజు గుడి అంటారు. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ పునాది వేసిందని కూడా చెప్పుకుంటారు. సింహళ చరిత్ర గ్రంథం మహావంశం తీస్తే ఆమె ఓడెక్కింది తామ్రలిప్తిలో, గోదారి ఊసు లేదు. స్తూపం నిజమని తవ్వకం చెప్పింది. మరి నోరు చెప్పింది? పునాది కథని నేను పక్కన పెడతాను, పెద్ద పేరు అయస్కాంతమే అక్కడ కూడా. దుబరాజు అనే పేరుని మాత్రం వదలను. బుద్ధరాజు నలిగి దుబరాజు అయిందంటారు, నాకూ అలాగే తోస్తుంది. పోలికే రుజువు కాదనుకోండి. అయినా కథలో లేని మొండి సమాచారం ఇలాంటి అర్థం కాని పేర్లలోనే ఉంటుంది. కథని జనం మెరుగులు దిద్దుతారు. అర్థం తెలియని పేరుని దిద్దడం కుదరదు కాబట్టి అలాగే అందిస్తారు.

మీ పరిస్థితి ఏది?

ఊళ్ళో జేసీబీ దిగిందా, అయితే ఇదంతా ఆపి దిబ్బ ఫొటోలు తీయండి, కోసిన అంచు పక్కన స్కేలు పెట్టి. తర్వాత మనుషులు, కాగితాలు చివర్న. శాసనాల పాఠాలకి చెన్నైలో, మైసూరులో నకళ్ళున్నాయి, తొంభై ఏళ్ళ మనిషికి నకలు లేదు.

ఒక్క ఆదివారమే ఉంటే ఊరి మ్యాపు ఒక్కటి పట్టుకుని మనుషుల దగ్గరికే వెళ్ళండి. కైఫీయతు చదివి వెళ్ళొద్దు. అది బుర్రలో ఉంటే మీ ప్రశ్నల్లోంచి జారి వాళ్ళ జవాబుల్లోకి వెళ్తుంది.

ఏడాది తీరిక ఉంటే నోరు, కాగితం, మళ్ళీ నోరు. రెండోసారి వెళ్ళినప్పుడే సరుకు దొరుకుతుంది. రెండింటికీ రెండు నోటుబుక్కులు పెట్టండి, ఒకదాంట్లో ఇంకోటి రాయకండి. కలపడం చివర్లో చేసే పని. రెండూ ఒప్పుకోకపోతే మధ్యేమార్గంగా సగటు తీయకండి, కాలవ కోతలోనో చెరువుగట్టులోనో నేల ఏం చెప్తుందో చూడండి. చూడమనే అన్నాను, తవ్వమనలేదు. పురావస్తుశాఖ అనుమతి లేకుండా పార వేయకూడదు. నాణేలో విగ్రహమో దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకి తెలియజేయాలి. లంకెబిందెల కథలు విన్నా రాసుకోండి, పాత చోటుకి అవి మంచి గుర్తులు. అయితే ఆ చోటు లొకేషన్ మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి. చరిత్రవాళ్ళకన్నా ముందు గుప్తనిధులవాళ్ళు దిగుతారు, నిమ్మకాయలతో సహా.

కొట్లదిబ్బ పక్క పంటకాలవ గట్టు కోతలో నాకు ఆల్చిప్పల పొర కనిపించింది, ముసలమ్మ మోచెయ్యంత లోతులోనే. దాని పైన నీలిగీతల పింగాణీ పెంకు ఒకటి, గోరంత. వరి దాచుకునే కొట్లయితే అలాంటి పెంకు రాదు. నా పుస్తకంలో దాని ఎదురుగా మూడు గళ్ళున్నాయి. కాగితం: మ్యాపులో పేరు, వయసు లేదు. నోరు: కొట్లు, రేవు. నేల: ఆల్చిప్పలు, పింగాణీ. కంపెనీవాడి కొట్లా, మన షావుకారువా అన్న గడి ఖాళీ. వేసవిలో కాలవలు కట్టేశాక నీళ్ళు దిగుతాయి కదా, అప్పుడు ఆ గట్టు అడుగు దాకా ఇంకోసారి చూడాలి.